మా తోటకి ఇంగ్లీషు

పొద్దున స్టాఫ్ రూమ్‌లో ఈ సెమిస్టర్ టైమ్‌టేబుల్ చేతికొచ్చినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. రెండో యూనిట్, మొదటి పాఠం, సంపద గురించీ మనిషి విలువల గురించీ ఉన్న ఆ వ్యాసం మళ్ళీ నా నెత్తినే పడింది. ఇంకెవరికైనా ఇవ్వండి బాబూ, వ్యాకరణం మొత్తం నేను చెప్పుకుంటానని మా హెడ్‌ని బతిమాలాను. "మీకంటే బాగా ఎవరు చెప్తారు మేడం" అని ఆయన నవ్వేసి వెళ్ళిపోయారు. ఇంటికొచ్చి టీ పెట్టుకుని తాగడం మరిచిపోయాను. మళ్ళీ పెట్టుకుని అదీ మరిచిపోయాను. రెండుసార్లు వీధి గుమ్మం దాకా వెళ్ళి, ఎందుకు వెళ్ళానో తెలియక వెనక్కి వచ్చాను. రేపు పదిన్నరకి క్లాసు. పాఠం రాక కాదు ఈ తిప్పలు. నూజివీడులో డిగ్రీ పిల్లలకి ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇంగ్లీషు చెప్తున్నదాన్ని, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ పాఠం చెప్తూ నేను చేసిన వెధవ పని ఒకటుంది, అదీ సంగతి.

నాలుగేళ్ళయింది. తోటలన్నీ పూత మీదున్న రోజులు. మా క్లాసు కిటికీలు ఎంత బిగించినా ఆ వగరు తీపి వాసన లోపలికి వచ్చేది, సగం మంది పిల్లలు తుమ్ముతూనే పాఠం వినేవాళ్ళు. వ్యాసం రాసినాయన ఎవరో చలిదేశపు పెద్దమనిషి. ఎంత ధర పలికినా నువ్వు అమ్మనిది ఏదో అదే నీ అసలైన సంపద అని ఆయన పది పేరాలు తిప్పి తిప్పి చెప్పాడు. చివర అభ్యాసంలో, మీ ఇంట్లో ఎన్నటికీ అమ్మనిది ఒకటి చెప్పి దాని గురించి రాయమన్నారు. పదకొండు మంది గైడు చూసి ఆత్మగౌరవం అని రాసుకొచ్చారు. పదకొండు ఆత్మగౌరవాల్లోనూ ఒకటే స్పెల్లింగ్ తప్పు! ఒకడు ఫోను ఛార్జర్ అన్నాడు, వాడొక్కడూ నిజం చెప్పాడనిపించింది. బాపులపాడు నుంచి వచ్చే అమ్మాయి వాళ్ళ గేదె గురించి కన్నీళ్ళొచ్చేలా రాసి, ఆఖరి వాక్యంలో దాన్ని కిందటి నెల అమ్మేశామని తేల్చింది.

అప్పుడు మూడో బెంచీలో ముసునూరు పిల్ల లేచింది. వాళ్ళ నాన్న అక్కడొక మామిడితోటకి కాపలా. తోటలోనే పాక, ఈ పిల్ల పుట్టిందీ పెరిగిందీ అందులోనే. పక్కన కూర్చున్నది ఆ తోటగలాయన కూతురు. ఇద్దరూ ఒకే బస్సులో వచ్చేవాళ్ళు, ఒకే బాక్సులో తినేవాళ్ళు. కాపలాదారు కూతురు "అవర్ గార్డెన్" అంటూ మొదలుపెట్టింది. తూర్పు గట్టున ఉన్న పెద్ద రసం చెట్టు ఏడాది విడిచి ఏడాది కాస్తుందట. ఆకు చేత్తో తడిమి అది ఏ చెట్టుదో వాళ్ళ నాన్న కళ్ళు మూసుకుని చెప్తాడట. తేనెమంచు పురుగు పట్టి పూతంతా మాడిపోయిన ఏడు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదట. ఎవరెంత ఇచ్చినా అవర్ గార్డెన్ అమ్మమట. ఇంగ్లీషు కుంటుతోంది గానీ వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. తోటంటే గార్డెన్ కాదమ్మా, ఆర్చర్డ్ అని దిద్దాను. అక్కడితో నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా!

"మేడం, అది మా తోటండీ. వాళ్ళ నాన్నగారు కాపలా ఉంటారు" అంది పక్కపిల్ల. పాపం, గొడవకి కాదు, మాటవరసకి అంది. క్లాసు గొల్లుమంది. నాలో ఉన్న వ్యాకరణం ఒళ్ళు విరుచుకుని లేచింది. అవర్ అనేది పొసెసివ్, అంటే స్వాధీనం, మనకి సొంతం కానిదాన్ని అవర్ అనకూడదు అని బోర్డు మీద పట్టిక కూడా గీశాను. ఆ పిల్ల నోట్‌బుక్ తీసుకుని, కనిపించిన ప్రతి అవర్‌నీ ఎర్రసిరాతో కొట్టేసి పైన దెయిర్ అని రాశాను. మొత్తం తొమ్మిది చోట్ల. "అర్థమైందా?" అంటే "అర్థమైందండీ" అంది, తలెత్తకుండా.

సాయంత్రం ఇంటికొచ్చి, పిల్లలకి అవర్‌కీ దెయిర్‌కీ తేడా తెలీడం లేదని మా ఆయనతో గొప్పగా చెప్పాను. ఆయన పేపరు మడిచి, "అందరితో మా ఆయన మా ఆయన అంటావు గదా, నన్నెప్పుడు రిజిస్ట్రేషన్ చేయించుకున్నావు?" అన్నారు. నవ్వాను, కానీ ఆ మాట చేపముల్లులా గొంతులో ఇరుక్కుంది. మా బస్సొచ్చిందంటూ హనుమాన్ జంక్షన్‌లో రోజూ పరిగెడతాను, ఆ బస్సు నాదా? మా కాలేజీ అంటాను, అందులో ఇటుక ముక్కయినా నాదా? మా అన్నప్పుడు ఎవరూ కాగితాలు అడగరే! ఆ పిల్ల తెలుగులో తలుచుకుని ఇంగ్లీషులో రాసుకుంది, నేను మాత్రం కాగితాలు అడిగాను. ఆ రాత్రి నాకు చచ్చేంత సిగ్గేసింది.

రేపు పిలిచి చెప్పేస్తే సరి అనుకున్నాను. మర్నాడు ఆ పిల్ల రాలేదు. మూడోనాడూ రాలేదు. పక్కపిల్లని అడిగితే, "రాదంట మేడం. చదువు చాలన్నారంట వాళ్ళ నాన్న. కాయ దిగాక గ్రేడింగ్ షెడ్డుకి పంపుతారంట" అంది బిక్కమొహం వేసి. సోమవారం మిడ్ పరీక్ష. అది రాయకపోతే ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోతుంది, ఆపినదాన్ని నేనవుతాను. శనివారం క్లాసులు ఎలా చెప్పానో నాకే తెలీదు. గంట కొట్టగానే ఆటో ఎక్కి ముసునూరు వెళ్ళాను.

వాళ్ళ నాన్న చెట్ల మొదళ్ళలో ఎండుటాకులు ఊడుస్తున్నాడు. నన్ను చూడగానే చీపురు పారేసి, తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. పాక ముందు కుర్చీ వేశాడు గానీ తను కూర్చోలేదు.

"తప్పయిపోయిందమ్మా. చిన్నపిల్ల, తెలీక రాసింది" అన్నాడు.

"తప్పు ఆ పిల్లది కాదండీ, నాది" అన్నాను.

ఆయనకి నా మాట చెవికెక్కలేదు. "అయ్యగారొచ్చి, ఏవయ్యా, తోట నీ పేరున రాయించేసుకున్నావంటగా అన్నారమ్మా. నవ్వుతానే అన్నారనుకోండి. మాకు నవ్వెలా వస్తదండీ? నోటితో వెయ్యి అంటాం, గాలికి పోద్ది. కాగితం మీద మా తోట అని రాస్తే ఏవవుద్దో నాకేం తెలుసు? ఆ కాగితం చింపేయించండి" అన్నాడు.

నేను తెల్లబోయాను. క్లాసులో నవ్వు దగ్గరే ఆగిందనుకున్న మాట పక్కపిల్ల నోట వాళ్ళింటికి చేరి, ఈ మనిషి ఇరవయ్యేళ్ళ కొలువు దాకా వచ్చింది. అక్కడే నిలబడి తోటగలాయనకి ఫోన్ చేశాను. "అయ్యయ్యో, సరదాకి అన్నానండీ! అతను లేకపోతే నాకు తోటేది?" అని ఆయన కంగారుపడి, ఫోను అతనికివ్వమని ఆ మాటే మళ్ళీ చెప్పాడు. కాపలాదారు మొహంలోకి నెత్తురొచ్చింది. తలుపు వెనకాల నిలబడ్డ పిల్లని పిలిచి, "సోమవారం రా తల్లీ. నువ్వు రాసిందే రైటు. నీకెలా అనిపిస్తే అలాగే రాయి, నేనేం కొట్టెయ్యను" అన్నాను. "సరేనండీ" అంది.

సోమవారం ఆ పిల్ల వచ్చింది. నా మనసులో బరువు దిగిందనుకున్నాను. మిడ్ పేపరులో ఆ ప్రశ్నే కావాలని ఇచ్చాను, ఆ పిల్ల మనసారా అవర్ అని రాసుకుంటుందని. మిగతా పేపర్లన్నీ పక్కన పెట్టి ముందు తనదే వెతికి తీశాను. అదే పెద్ద రసం చెట్టు, అదే తూర్పు గట్టు. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా దెయిర్ ఆర్చర్డ్, దెయిర్ ఆర్చర్డ్. వెతికి చూసినా ఒక్క తప్పు లేదు. పదికి పది వెయ్యక నాకు గత్యంతరం లేకపోయింది. ఆ తోటలో ఆ పిల్ల పంతొమ్మిదేళ్ళు పెరిగింది. అది పరాయిదని నేర్పడానికి నాకు ఒక్క పీరియడు చాలింది.