వీపు తిప్పుకున్న అల్లుడు

వీరభద్రయ్యగారు రోజూ పొద్దున్నే రెండుసార్లు స్నానం చేస్తారు. మొదటిది భగవంతుడి కోసం. రెండోది కుక్క వల్ల. ఐదు గంటలకి కుళాయి కింద తల తడుపుకుని, మడిపంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని దీపం ముందు కూర్చుంటారా, సరిగ్గా శివనామం ఎత్తుకునే వేళకి వెనకనించి చల్లటి ముక్కొకటి వచ్చి మోచేతికి తగులుతుంది.

"శివశివా! ఇంత బెజవాడలో నీకింకెవరూ దొరకలేదుట్రా?" అంటూ ఆయన లేచి మళ్ళీ కుళాయి దగ్గరికి నడుస్తారు. ఎనిమిదేళ్ళుగా ఇదే వరస. ఆ కుక్కకి విసుగు లేదు. ఆయనకి విసుగు తప్ప ఇంకేం మిగల్లేదు.

ఆయనది చల్లపల్లి దగ్గర పల్లె. తాతల నాటినించీ మగ్గమే వాళ్ళ అన్నం. నేతకంటే గంజి పెట్టడంలో ఆయనది పెద్ద చెయ్యి. దారం విరగకూడదు, అట్ట కట్టకూడదు, వేలితో మీటితే పలకాలి. మగ్గానికి పని సన్నగిల్లి, చివరికి ఆగిపోయిన ఏడాది, ఆఖరుగా నేసిన దుప్పటి పట్టుకుని బెజవాడ చేనేత ప్రదర్శనకి వచ్చారు. పొట్టి జుట్టు ఆవిడొకరు దాన్ని వెలుతురుకెత్తి చూసి, వేలితో మీటి, "దీనికి గంజి పెట్టిందెవరండీ?" అనడిగారు. ఆవిడే సుధామణిగారు. పటమటలో మా వీధి చివరి ఇల్లు ఆవిడదే.

సుధామణిగారు చాలా పేరున్న చిత్రకారిణి. ఆవిడ బొమ్మలు ఢిల్లీలో ఉన్నాయి, సముద్రాల అవతల కూడా ఉన్నాయంటారు. వాటిలో మనిషి మనిషిలా ఉండడు, చెట్టు చెట్టులా ఉండదు. ఆ బొమ్మలు వేసుకోవడానికి ఆవిడకి చేనేత గుడ్డే కావాలి, దానికి అన్నం గంజే పట్టాలి. ఆ పనికే వీరభద్రయ్యగారినీ, ఆయన భార్య రావమ్మగారినీ పిలిచి, తన ఇంటి వెనక రెండు గదుల్లో ఉండమన్నారు. ఆవిడకి పెళ్ళయింది. మూడేళ్ళకే, గొడవా గోలా లేకుండా, ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. అయినా ప్రతి వేసవిలో నూజివీడునించి ఆ భర్తగారు పంపే మామిడి రసాల బుట్ట ఒకటి వస్తుంది. బుట్ట విప్పీ విప్పగానే సగం వెనక గదులకి వెళ్తుంది. కార్తీకమాసంలో ఒకరోజు వీరభద్రయ్యగారు చూసుకునేసరికి వెనక కుళాయికి వేణ్ణీళ్ళ గొట్టం బిగించి ఉంది. ఎవరు పెట్టించారని అడిగితే, "రెండో స్నానానికి" అని ఒక్క మాటనేసి సుధామణిగారు మేడెక్కి వెళ్ళిపోయారు.

ఇంత మంచావిడకి ఆ జంతువుల పిచ్చి ఏమిటో! మూడు పిల్లులు, ఒక కుంటి బాతు, ఆ పైన ఈ కుక్క. వర్షంలో వంతెన కింద దొరికింది. తెచ్చిన రోజు పాలు పోస్తే మొహం తిప్పుకుని, గోడవైపు తిరిగి పడుకుందట. "చూశారా వీరభద్రయ్యగారూ, అలక పాన్పెక్కిన కొత్తల్లుడిలా లేడూ?" అన్నారట ఆవిడ. అప్పటినించి దాని పేరు అల్లుడు. పేరుకి తగ్గట్టే నడుచుకుంటుంది. అన్నం పెట్టడం ఐదు నిమిషాలు ఆలస్యమైతే అలక. పిల్లిని నిమిరితే అలక. రావమ్మగారు ఊరెళ్తే అలక, వస్తే ఎందుకెళ్ళావని అలక.

"కడుపున పుట్టిన కూతుళ్ళ మొగుళ్ళు కూడా ఇంత చేయించుకోలేదే," అని వీరభద్రయ్యగారు వాపోతారు.

"మీరు చేసేదానికి మురిసిపోతున్నాడు లెండి," అంటారు రావమ్మగారు. "పోయిన జన్మలో మీకు మావగారేమో."

పోయిన ఆషాఢంలో సుధామణిగారికి కంటి వెనక పొరకి ఆపరేషనని హైదరాబాదు వెళ్ళాల్సి వచ్చింది. సోమవారం ప్రయాణం, శుక్రవారం రాక. కారెక్కుతూ ఆవిడ చెప్పిన ఆఖరి మాట కంటి గురించి కాదు. "వాణ్ణి మీ చేతుల్లో పెడుతున్నాను వీరభద్రయ్యగారూ. నేను వచ్చేసరికి వాడు గేటు దగ్గరుండాలి. కట్టు విప్పితే ముందు వాణ్ణే చూస్తాను."

మంగళవారం పొద్దున ఆయన పెద్ద గుడ్డకి పట్టడానికని గిన్నెడు గంజి కాచి, ఆరబెట్టి, ఆరేసిన మడిపంచె తేవడానికి వెళ్ళారు. వచ్చి చూస్తే గిన్నెలో మూతి, మూతికి గంజి. ఆయన్ని చూసి సంతోషం పట్టలేక అది ఎగిరి, ఆ మూతిని పంచెకి తుడిచింది.

ఆయనకి ఒళ్ళు మండింది. "పో! నా కళ్ళబడకు! ఎక్కడికన్నా పో!" అన్నారు. ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ అంత గట్టిగా అనలేదు. అల్లుడు ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. పాలవాడు తీసిన గేటు తీసినట్టే ఉంది. వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అన్నానికి రాలేదు. సాయంత్రానికీ రాలేదు. దీపాలు పెట్టేవేళకి ఆస్పత్రినించి ఫోను వచ్చింది.

"వాడు తిన్నాడా?" అన్నారు సుధామణిగారు.

వీరభద్రయ్యగారు అబద్ధమాడరు. పైగా ఆ రోజు ఏకాదశి. అందుకని, "అలకలో ఉన్నాడమ్మా," అన్నారు. అది నిజమే కదా.

"అయితే ఫోను వాడి చెవి దగ్గర పెట్టండి. నేను మాట్లాడతాను."

ఏం చెయ్యాలో తోచక ఆయన ఫోను తీసుకెళ్ళి అరుగు మీద నిద్రపోతున్న పిల్లి దగ్గర పెట్టారు. ఆవిడ ఐదు నిమిషాలు బుజ్జగించారు. పిల్లి కళ్ళు కూడా తెరవలేదు. "పలకట్లేదేం? బాగా కోపమొచ్చినట్టుంది," అన్నారు ఆవిడ.

"బాగా వచ్చిందమ్మా," అన్నారు ఆయన.

బుధవారమంతా పటమట వీధులన్నీ తిరిగారు. "అల్లుడూ! ఒరే అల్లుడూ!" అని పిలుస్తూ వెళ్తుంటే జనం తలుపులు తీసి జాలిగా చూశారు. కుక్క కోసమని తెలిశాక, అడిగినవాళ్ళందరూ ఒకటే అడిగారు. "ఎలా ఉంటుందండీ? ఫోటో ఉందా?"

ఫోటో లేదు. ఆయనది మీటల ఫోను. సుధామణిగారేమో ఫోటో తీస్తే జంతువులు సిగ్గుపడతాయంటారు. గోధుమరంగు ఊరకుక్క అని చెబితే, ప్రతివాళ్ళూ తమ వీధిలోని నాలుగు గోధుమరంగు కుక్కల్ని చూపించారు.

"మేడనిండా దాని బొమ్మలే కదండీ, ఒకటి పట్టికెళ్ళండి," అన్నారు రావమ్మగారు.

గురువారం పొద్దున ఆయన మేడెక్కి చూశారు. ముప్పై నలభై ఉంటాయి. ఒకదానిలో కుక్క నీలంగా ఉంది, తల కూజాలా ఉంది. ఒకదానిలో కాళ్ళు నాలుగూ ఒకే పక్కనున్నాయి. ఇంకొకదానిలో కుక్కే లేదు, నీళ్ళగిన్నె మీద ఒక నీడ ఉంది, అంతే. "ఎనిమిదేళ్ళు దీని ముందు కూర్చుని గీశారు కదమ్మా తల్లీ," అని ఖాళీ గదిలో గట్టిగానే అన్నారు. "ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కుక్కలా గీస్తే మీ సొమ్మేం పోయింది?"

చివరికి చట్రంనించి విప్పి బల్ల మీద పరిచి ఉన్న బొమ్మ ఒకటి కనబడింది. నిలువెత్తు గుడ్డ, దాన్నిండా ఆకుపచ్చటి వీపు. కొండంత వీపు. ఒక మూల చిన్న చెవి. చట్రం లేదు కాబట్టి మోసుకెళ్ళడం సులువు. నేతవాళ్ళ ఇళ్ళల్లో ఎంత ఖరీదైన గుడ్డనైనా ఎలా పట్టుకెళ్తారో అలాగే, అంచుకి అంచు కలిపి, నిలువునా నాలుగు మడతలు, అడ్డంగా రెండు వేసి, అరచేత్తో అదిమి సంచిలో పెట్టారు. మడత పెడుతుంటే లోపల అప్పడం విరిగినట్టు చిన్న చప్పుడైంది. గంజి కాస్త ఎక్కువ పట్టించానేమో అనుకున్నారు.

పటమటలో లేని కుక్క ఆటోనగర్లో ఉండవచ్చునని ఎవరో అంటే అటు వెళ్ళారు. అక్కడ ప్రతి లారీ కిందా ఒక మనిషో, ఒక కుక్కో పడుకునే ఉంటారు. ఎండా, ఇనుప చప్పుడూ, గ్రీజు వాసనా. ఆయన షెడ్డు షెడ్డుకీ వెళ్ళి, సంచిలోంచి గుడ్డ తీసి, చీర పరిచినట్టు పరిచి, "ఈ కుక్కని చూశారా బాబూ?" అని అడగడం మొదలుపెట్టారు.

లారీలకి రంగులేసే ఫిన్నీ అనే కుర్రాడు బ్రష్షు చెవిలో పెట్టుకుని వచ్చి చూశాడు. "కుక్కేదండీ ఇందులో?"

"అదే బాబూ. ఆకుపచ్చగా ఉందే, అది."

"ఇదా? నేను ట్యాంకరనుకున్నానండీ," అన్నాడు ఫిన్నీ. పక్కవాడు తల వంచి, "తలకిందులుగా పట్టుకున్నారేమో తాతగారూ, తిప్పండి," అన్నాడు. తిప్పారు. "ఇప్పుడు బస్తాలా ఉంది," అన్నాడు వాడు. షెడ్డంతా నవ్వింది.

"ఎవరేశారండీ ఇది? నాకిస్తే ఒక్క పూటలో పులిని వేసిపెడతాను. గోళ్ళతో సహా."

"నాకు పులి వద్దు నాయనా," అన్నారు వీరభద్రయ్యగారు. "కుక్క కావాలి. రేపు ఆవిడ కట్టు విప్పుకుని వస్తారు. నోరు జారి పొమ్మన్నాను. అది పోయింది." నవ్వు ఆగిపోయింది. ఫిన్నీ ఒక స్టూలు లాగి, తుడిచి, "కూర్చోండి. ముందు టీ తాగండి," అని వీధి వైపు కేకేశాడు. "డయానక్కా! ఒకటి, పంచదార ఎక్కువేసి!"

ఎదురుగా టీ బండి నడిపే డయానా గ్లాసు పట్టుకుని వచ్చింది. గ్లాసు ఆయన చేతికివ్వబోయి, పరిచి ఉన్న గుడ్డ చూసి ఆగింది.

"అదేంటి, ఈయన బొమ్మ మీ దగ్గరుందేంటండీ?"

"ఎవరి బొమ్మమ్మా?"

"నా బండెనకాల పడుకున్న మహారాజుది. మొన్నట్నించీ అక్కడే. ఇదిగో, అచ్చం ఇలాగే, నాకు వీపు చూపిచ్చి. బిస్కెట్టేస్తే చూడడు. నేనటు తిరగ్గానే తినేస్తాడు. తిని మళ్ళీ గోడకేసి తిరుగుతాడు. కానీ చెవి మాత్రం ఇటే పెడతాడండీ. ఎవరన్నా పిలుస్తారేమోనని."

వీరభద్రయ్యగారు టీ అక్కడే పెట్టి పరిగెత్తారు. బండి వెనక, మూసేసిన షట్టరు వైపు మొహం పెట్టి, అల్లుడు పడుకుని ఉంది. ఆయన అడుగుల చప్పుడుకి చెవి ఇంకాస్త ఇటు తిరిగింది. తల తిరగలేదు.

"రారా," అన్నారు. కదల్లేదు. "నాదే తప్పురా." తోక ఒక్కసారి నేలకి తగిలింది, మళ్ళీ జ్ఞాపకం వచ్చినట్టు ఆగిపోయింది. "ఏంట్రా నీ బెట్టు! కాళ్ళు పట్టుకోమంటావా?" అని ఆ దుమ్ములో కూలబడి నిజంగానే దాని వెనక కాళ్ళు పట్టుకున్నారు. అప్పుడు తిరిగింది. తిరిగి, ఆయన నుదుటి విభూతంతా నాకేసింది.

కుక్కని ఎక్కించుకోవడానికి ఆటోవాళ్ళు ఒప్పుకోలేదు. ఫిన్నీ పని ఆపి, ఇనుప సామాను మోసే ట్రాలీ బండిలో ఇద్దర్నీ పటమటలో దింపి వెళ్ళాడు. టీ డబ్బులు డయానా తీసుకోలేదు. ఇలాంటివాళ్ళని దేవుడు ఏ షెడ్డులో ఎందుకు పెడతాడో ఆయనకే తెలియాలి.

శుక్రవారం కారు దిగేసరికి అల్లుడు గేటు దగ్గరే ఉంది. సుధామణిగారు కట్టు విప్పిన కంటితో దాన్ని చాలాసేపు చూసుకున్నారు. ఆ తర్వాత మేడెక్కారు. పైనుంచి కేక వినబడింది.

వీరభద్రయ్యగారు వెళ్ళేసరికి ఆవిడ బల్ల మీది గుడ్డ ముందు నిలబడి ఉన్నారు. ఆకుపచ్చ వీపు మీద నిలువునా అడ్డంగా తెల్లటి గీతలు. గీతల దగ్గర రంగు పెచ్చులూడింది. ఒక మూల గ్రీజు వేలిముద్ర.

"దీన్ని మడతేశారా?"

"నిలువు నాలుగు, అడ్డం రెండమ్మా. అంచు ఎక్కడా నలగనివ్వలేదు."

"రంగు వేసిన గుడ్డని ఎవరన్నా మడతేస్తారుటండీ! ఢిల్లీ ప్రదర్శనకి పంపాలి, చుట్టి పెట్టమని వాళ్ళు గొట్టం కూడా పంపించారు కదా!"

"చుట్టడానికి అదేమన్నా చాపా అమ్మా? గుడ్డ కదా."

"ఆరు నెలలు, వీరభద్రయ్యగారూ! ఆరు నెలలు కూర్చున్నాను దీని ముందు!" ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "అసలు బయటికెందుకు తీశారు?"

చెప్పకుండా ఉంటే ఉండొచ్చు. కుక్క ఇంట్లోనే ఉంది. కానీ ఆయన చెప్పేశారు. గంజి, పంచె, పొమ్మన్న మాట, పిల్లి చెవిలో పెట్టిన ఫోను, ఆటోనగర్, అన్నీ. చెప్పి, తలొంచుకుని, "మమ్మల్ని పొమ్మంటే ఊరికి పోతామమ్మా," అన్నారు.

ఆవిడ ఆ మాట విన్నట్టే లేరు. "ఈ బొమ్మ చూసి గుర్తుపట్టిందా? ఎవరూ చెప్పకుండానే?"

"టీ బండి డయానా అండి."

"ఏమంది? ఉన్నదున్నట్టు చెప్పండి."

ఆయన చెప్పారు.

"వీపు చూపించి, అందా? చెవి సంగతి కూడా తనే అందా, మీరు అందించారా?"

"నేనెందుకు అందిస్తానమ్మా, నాకే తెలియందే! చెవి మాత్రం ఇటే పెడతాడు, ఎవరన్నా పిలుస్తారేమోనని. అదీ ఆ పిల్ల అన్న మాట."

సుధామణిగారు లేచి, ఆ గీతలు పడిన గుడ్డ మూల మీద, ఆ చిన్న చెవి మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. ఈ బొమ్మల మీద ఎంతమంది ఎన్ని పుస్తకాల్లో ఏం రాశారో మనకి తెలియదు. ఆవిడ మొహం మాత్రం మొదటి బహుమతి వచ్చిన బడిపిల్ల మొహంలా ఉంది.

"ఇంకొక్కసారి చెప్పండి," అన్నారు.

"మూడుసార్లు చెప్పాను కదమ్మా!"

"ట్యాంకరన్న కుర్రాడి దగ్గర్నించి చెప్పండి."

వీరభద్రయ్యగారు తల పట్టుకుని, నేల మీద చతికిలబడి, చెవిటివాళ్ళకి చెప్పినట్టు గొంతు పెంచి మళ్ళీ మొదలుపెట్టారు.