బీరు తప్పుకు నీళ్ల క్షమాపణ

జిల్లాల పునర్విభజన జరిగి మెదక్ పట్టణం జిల్లా కేంద్రమైన కొన్నేళ్లకు, ఒక ఎండాకాలం ముందు, నన్ను అక్కడికి ఏరియా సేల్స్ మేనేజరుగా వేశారు. నేను పనిచేసింది ఒక బీరు కంపెనీలో. ఆ బ్రాండు ఇంకా బజారులో ఉంది కాబట్టి పేరు చెప్పను. మెదక్‌లో దాని పేరు ఎవరూ పలికేవారు కూడా కాదు, ‘పచ్చ లేబుల్’ అనేవారు. కౌంటరు ముందు నిలబడి ఒట్టి ‘బీరు’ అన్నా అదే చేతికొచ్చేది. ఒక బ్రాండుకు అంతకు మించిన హోదా లేదు. దాన్ని చెడగొట్టకుండా ఉండటమే అక్కడ నా ఉద్యోగం.

ఈ వ్యాపారం తెలియనివారి కోసం రెండు విషయాలు చెప్పాలి. బీరు కంపెనీ తన సరుకును దుకాణానికి నేరుగా అమ్మకూడదు, ప్రభుత్వ డిపోకు పంపాలి. లైసెన్సున్న దుకాణదారు తనకేం కావాలో ఇండెంటు పెట్టి డిపో నుంచి తెచ్చుకుంటాడు. కాబట్టి సేల్స్ మేనేజరనేవాడు నిజానికి ఏమీ అమ్మడు. ఇండెంటులో తన బ్రాండు పేరు ఉండేలా చూసుకుంటాడు, అంతే. రెండోది, మద్యానికి ప్రకటనలు నిషిద్ధం. అందుకని మా కంపెనీ అదే పేరుతో, అదే పచ్చ లేబుల్‌తో మంచినీళ్లు తయారుచేస్తున్నట్టు ప్రకటనలు ఇచ్చేది. చూసేవాడికి అది బీరు ప్రకటనేనని తెలుసు. మా సర్వీసులో ఆ నీళ్ల సీసాను కళ్లతో చూసినవాళ్లు మాత్రం లేరు.

ఆ ఎండాకాలానికి ముంబయి ఏజెన్సీ ఒకటి కొత్త ప్రకటన తీసింది. నగరంలో ఏదో పార్టీ జరుగుతుంటుంది. తలకు తువాలు చుట్టుకున్న వరికోత మెషిన్ డ్రైవరు దారితప్పి లోపలికొచ్చి, “గీ నీళ్లు ఏడ దొర్కుతయన్నా?” అని అడుగుతాడు. అందరూ పగలబడి నవ్వుతారు. హీరో అతని చేతిలో మా సీసా పెడతాడు. ఒక్క గుక్క తాగగానే డ్రైవరు తువాలు తీసేసి పుస్తకాల తెలుగులో మాట్లాడటం మొదలుపెడతాడు. కింద నినాదం: ‘నీళ్లు మార్చు, మాట మారుతుంది.’ ఫీల్డులో ఉండేవాళ్లకు ప్రకటనలు ముందుగా చూపించే ఆచారం మా కంపెనీలో లేదు. జనంతో పాటే మేమూ ఫోన్లలో చూశాం.

నా కింద నర్సింలు అనే సేల్స్ ఎగ్జిక్యూటివ్ ఉండేవాడు. నలభై దాటిన మనిషి, మెదక్‌లోనే పుట్టి పెరిగాడు. పచ్చ లేబుల్‌కు ఆ ఊళ్లో హోదా తెచ్చింది అతనే. ప్రకటన పూర్తయ్యేదాకా చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“కోతల టైముల కోత డ్రైవర్లనే తిట్టిన్రు సార్. ఇగ మనం ఇంట్ల కూసునుడే” అన్నాడు.

అతని లెక్క తప్పలేదు. యాసంగి, అంటే రబీ, కోతలప్పుడు కౌడిపల్లి, నిజాంపేట, శివ్వంపేట మండలాల్లో మెషిన్లకు తీరిక ఉండదు. పని ముగిశాక డ్రైవర్లకు రైతు బీరు ఇప్పించడం అక్కడ ఆనవాయితీ. ఆ బీరు ఎప్పుడూ మాదే.

బహిష్కరణ మొదలుపెట్టింది కౌడిపల్లిలో కోత మెషిన్లు నడిపించే యాదగిరి. జెండాలూ ధర్నాలూ ఏమీ లేవు. తన డ్రైవర్లకు వాట్సాప్‌లో, “పచ్చ లేబుల్ ముట్టుడు బంద్” అని ఒక మాట రికార్డు చేసి పంపాడు. వారం తిరిగేసరికి ఆ మాట ఆటోవాళ్లకు, మేస్త్రీలకు, పెళ్లి పందిళ్లలోకి చేరింది. బస్టాండు దగ్గర వైన్ షాపు నడిపే భూంరెడ్డి నన్ను పిలిచి, గోడ వెంట పేర్చిన మా పెట్టెలు చూపించాడు. బీరు ఎక్కువకాలం నిలవుండదు, గడువు దాటితే పారబోయాల్సిందే. తాగడమే తగ్గిందేమోనని ఆశగా అడిగాను.

“తాగుడు ఎవ్వలు బంద్ వెట్టలే సార్. మస్తు తాగుతున్రు. మీది తప్ప” అన్నాడు.

క్షమాపణ చెప్పడం మేలని హెడ్డాఫీసుకు రాశాను. ఫోన్ మీటింగులో లీగల్ విభాగం అధికారి నా అజ్ఞానాన్ని ఓపికగా సరిదిద్దాడు. ప్రకటన మంచినీళ్లది. దానికి బీరు క్షమాపణ చెబితే అది బీరు ప్రకటనేనని ఒప్పుకున్నట్టవుతుంది, లైసెన్సుకు ప్రమాదం. కనుక చెప్పాల్సింది నీళ్లే. ఆ ప్రకారం పట్టణంలో ఫ్లెక్సీలు వెలిశాయి: ‘మా మంచినీటి ప్రకటన వలన ఎవరి మనోభావములైనా గాయపడి ఉన్నట్లయితే అందులకు చింతిస్తున్నాము.’

యాదగిరిని స్వయంగా కలవమని నాకు ఆదేశం వచ్చింది. నేను గుంటూరు వైపు వాణ్ణి. కారులో నర్సింలు ముందే జాగ్రత్త చెప్పాడు.

“సార్, జర మీ లెక్కనే మాట్లాడుండ్రి. మా లెక్క మాట్లాడబోయిన్రంటే ఇంక గుస్సయితడు.”

పొలం గట్టున మెషిన్ ఆపి, యాదగిరి బ్లేడ్లలో ఇరుక్కున్న గడ్డి పీకుతున్నాడు. మా ఫ్లెక్సీని ఫొటో తీసి పెట్టుకున్నాడు. దాన్ని నా ముందు పెట్టాడు.

“గాయపడి ఉన్నట్లయితే అంటే ఏంది సారూ? పడ్డయో లేదో మీకు ఎరుక లేదా?”

నేను రాసింది కాదన్నాను. అతను చేతిలోని గడ్డి పక్కన పడేశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. అతని కూతురు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతోంది. ఆమె క్లాసులో నోరు తెరిస్తే చాలు, వెనక నుంచి ఎవరో ఒకరు ‘నీళ్లు మార్చు’ అంటున్నారట.

“ఇంటికి ఫోన్ చేస్తే రూముల నుంచి బయటికొచ్చి మాట్లాడుతుంది. మా మాట రూములోళ్లకు ఇనబడొద్దని. నాతోని మాట్లాడనీకి సిగ్గుపడుతుంది సార్, నా బిడ్డ.”

దానికి చెప్పాల్సిన జవాబు కంపెనీ నాకు ఇవ్వలేదు. “తప్పు మాదే” అన్నాను. లీగల్ విభాగం వింటే ఒప్పుకునే మాట కాదు. యాదగిరి చేతులు తుడుచుకున్నాడు.

“మీరన్నరు, మంచిది. మరి బోర్డు మీద నీళ్లు క్షమాపణ చెప్పినయ్ కద. గా నీళ్లను జర మాకు చూపియ్యుండ్రి. గప్పుడు మాట్లాడుకుందం.”

జరిగినదంతా హెడ్డాఫీసుకు నివేదించాను. కూతురి విషయానికి వచ్చిన సమాధానం ఒక్క వాక్యం: మా ఉత్పత్తికి సంబంధించిన ఏ నివేదికలోనూ విద్యార్థుల ప్రస్తావన ఉండరాదు. నీళ్ల విషయానికి మాత్రం లీగల్ విభాగం మొదటిసారి కంగారుపడింది. నీళ్లే లేవని తేలితే ప్రకటన దేనికిచ్చినట్టు? వెంటనే నీళ్లు తయారు కావాలి, మెదక్‌లోనే కావాలి.

మెదక్‌లో అన్ని అనుమతులూ ఉన్న నీళ్ల ప్లాంటు ఖదీర్ భాయ్‌ది. అయిదు పూటలా నమాజు తప్పని మనిషి. మా లేబుల్ చూడగానే కుర్చీ వెనక్కి జరిపాడు.

“సాబ్, ఇది నీళ్లదా, బీరుదా?”

చట్టం ప్రకారం నీళ్లదేనన్నాను.

“కానూన్ ఇడిసిపెట్టుండ్రి. మీరు చెప్పుండ్రి.”

సీసాలో ఉండేది మీ నీళ్లే, అది మాత్రం నిజమన్నాను. ఇంట్లో వాళ్లను అడిగి రెండు రోజులకు ఒప్పుకున్నాడు, రెండు షరతుల మీద. ఈ నీళ్లు ఏ వైన్ షాపులోనూ పెట్టకూడదు. లేబుల్ మీది నినాదం తీసేయాలి.

“పుట్టినకాన్నుంచి గీ బోరు నీళ్లే తాగుతున్న సాబ్. నా మాటేం మారలే. అబద్ధం ఎందుకు రాసుడు?”

ఆ నినాదానికి కంపెనీ ఎంత ఖర్చుపెట్టిందో ఆయనకు చెప్పలేదు.

బస్టాండు దగ్గర చలివేంద్రం లాంటి పందిరి వేసి నీళ్లు పంచాం. యాదగిరి తన డ్రైవర్లతో వచ్చాడు. సీసా మూత తీసి ఒక గుక్క తాగి, ఆగి, మళ్లీ తాగాడు.

“గివి ఖదీర్ భాయ్ నీళ్లే గద?”

అవునన్నాను. అతను నవ్వగా నేను మొదటిసారి చూశాను. “ముంబై నుంచి వొచ్చి మా నీళ్లు మాకే తాపిస్తున్రు. శబాష్. ఇగ బంద్ ఖతం. ఎవ్వలిష్టం వాళ్లది” అని అక్కడే ఫోన్లో రికార్డు చేసి అందరికీ పంపాడు. నర్సింలు కళ్లు తుడుచుకున్నాడు. సమస్య పరిష్కారమైందని నేను హెడ్డాఫీసుకు రాశాను. నా సర్వీసులో అంత తొందరపడి రాసిన నివేదిక మరొకటి లేదు.

బహిష్కరణ ఎత్తేశారు, బీరు మాత్రం కదల్లేదు. భూంరెడ్డి షాపు ఫ్రిజ్‌లో మా అరలన్నీ పోటీ కంపెనీకి పోయాయి. మా పెట్టెల గడువు తీరింది. ఇండెంటులో మా పేరు పెట్టమని అడిగితే అతను మర్యాదగా టీ తెప్పించేవాడు. నీళ్లకు మాత్రం గిరాకీ పెరిగింది. టీ కొట్లలో, కిరాణా షాపుల్లో, ఫంక్షన్లలో అవే. వానాకాలం వచ్చేసరికి మెదక్‌లో పచ్చ లేబుల్ అడిగితే నీళ్లిచ్చేవారు. ఆ ఏటి కంపెనీ సమావేశంలో ప్రకటన ఏజెన్సీకి జ్ఞాపిక అందజేశారు, లేని ఉత్పత్తికి మార్కెట్ సృష్టించినందుకు. చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను. నర్సింలును నీళ్ల విభాగానికి మార్చారు. అతనేమీ బాధపడలేదు. “ఏం పని చేస్తున్నవంటే ఇప్పుడు మా అత్తగారింట్ల గూడ ధైర్యంగ చెప్తున్న సార్” అన్నాడు.

మరుసటి ఎండాకాలం భూంరెడ్డి షాపుకు ఆనుకుని ఉన్న పర్మిట్ రూములో, అంటే అక్కడే కూర్చుని తాగే గదిలో, యాదగిరి కనిపించాడు. ఎదురుగా పోటీ కంపెనీ సీసా ఉంది. నన్ను చూసి కుర్చీ లాగి కూర్చోమన్నాడు. ముందు కూతురి గురించి అడిగాను.

“మంచిగుంది సార్. రూముల అందరి ముంగటనే మాట్లాడుతుంది. ఒకని చెంప గూడ వాయించిందట.”

“మరి మామీద ఇంకా కోపమేనా?” అన్నాను, సీసా వైపు చూస్తూ.

అతను నా చూపు పోయిన చోటికి చూసి, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

“గుస్స ఏంది సార్, గదెప్పుడో పోయింది. ఇది అలవాటయింది, గంతే.”

ఆ తర్వాత పదవీ విరమణ దాకా కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఒక్క విషయమే గట్టిగా చెప్పేవాణ్ణి. కొనేవాడు కోపంగా ఉన్నంతకాలం ఇంకా మన ఖాతాదారే. అడుగుతాడు, తిడతాడు, నీళ్లు చూపించమంటాడు. ఆ గడువులోగా మనిషిలా జవాబు చెప్పాలి. అతను మనతో మళ్లీ మర్యాదగా మాట్లాడటం మొదలుపెట్టాడంటే, అప్పటికే వేరే సీసాకు అలవాటుపడి ఉంటాడు.