మొదటి ఆకు

మా ఇంట్లో పట్టు తప్ప వేరే మాట ఉండేది కాదు. ధర్మవరంలో తాత పెట్టిన చీరల కొట్టును నాయన పెద్దది చేశాడు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. అయినా నాకు యాభై ఏళ్లు దాటేదాకా, ప్రాణంతో ఉన్న పట్టుపురుగును చూసి ఎరగను. మాకు పట్టు అంటే అంచు, కొంగు, జరీ, అంతే.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, క్రికెట్ పిచ్చి పట్టిన ఈ సీమలో నేను ఫుట్‌బాల్ జట్టును కొన్నాను. జీతాలిచ్చి ఆడించే జట్టు, బెంగళూరు లీగులో ఆడుతుంది. పెనుకొండ కొండ కింద భూమి తీసుకుని వాళ్లకు గ్రౌండు వేయించాను. అప్పటికే ఆసుపత్రికి డయాలసిస్ యంత్రాలు, బడులకు బెంచీలు ఇచ్చి ఉన్నాను, కంటి శిబిరాలు పెట్టించాను. దానం చేయడం నాకు ఇష్టం. చేస్తున్నప్పుడు జనం నన్ను చూడటం ఇంకా ఇష్టం. ఇప్పుడది దాచి ప్రయోజనం లేదు.

గ్రౌండుకు తూర్పున ముళ్లకంచె, దానికి ఆవల మల్బరీ తోట. తోట మధ్య రేకుల షెడ్డులో ఒకామె పట్టుపురుగులు మేపేది. మొగుడు పోయాక ఆ పురుగులతోనే ఇల్లు నడిపింది. గూళ్లు కట్టాక వాటిని హిందూపురం మార్కెట్టుకు తీసుకెళ్లి అమ్మేది. నాకంటే నాలుగేళ్లు పెద్దదని అక్కా అనేవాణ్ణి. పరిచయమైన రోజే, పురుగులు చూస్తానంటే గడప దగ్గర ఆపేసింది.

"సెంటు పూసుకోనుండావు కదప్పా, ఆ వాసన వాటికి పడదు. ఈడనే నిలబడు, వినిపిస్తాది."

నిలబడి విన్నాను. లోపల చిరుజల్లు పడుతున్నట్టు చప్పుడు. వేల పురుగులు ఒక్కసారిగా ఆకు కొరుకుతున్నాయి. నా బతుకంతా ఈ చప్పుడు మీద నిలబడిందా అని ఒళ్లు జలదరించింది.

ఆ రోజే ఆమె నన్ను ఒకటి అడిగింది. "మీ గడ్డికి మందు కొట్టేటట్లుంటే ముందుగా ఒక మాట చెప్పప్పా. ఆ గాలి నా ఆకు మీదికొస్తే పురుగు బతకదు. తెలిస్తే యాడన్నా దూరం తోటలో ఆకు మాట్లాడుకుంటా."

"అదెంత పని అక్కా, నేనే ఫోన్ చేస్తా" అన్నాను.

పోయినేడు పెద్ద మ్యాచ్‌కు ముందు గ్రౌండు మేస్త్రీ ఫోన్ చేశాడు. గడ్డికి పచ్చపురుగు పట్టింది, మందు కొట్టించాలా అన్నాడు. నేను అప్పుడు ధర్మవరంలో స్టేజీ మీద ఉన్నాను. అంబులెన్స్ ఇచ్చినందుకు భుజాల మీద శాలువా కప్పుతున్నారు. "కొట్టించు" అని పెట్టేశాను. అక్కకు చెప్పాలి అని ఆ క్షణాన అనుకున్నాను కూడా. తర్వాత ప్రసంగాలు, ఫోటోలు, భోజనాలు. మరచిపోయాను.

మర్నాడు పొద్దున పెనుకొండలో కారు దిగి గడ్డి మీద కాలు పెట్టగానే సన్నగా మందు వాసన కొట్టింది. గాలి కొండ వైపు నుంచి తూర్పుకు తోలుతోంది. కంచె మీద ఎప్పుడూ కొట్లాడుకునే గోరింకలు ఒక్కటీ లేవు. గబగబా షెడ్డు దగ్గరికి నడిచాను. ఆమె అప్పుడే కోసిన ఆకు గంపతో ఎదురైంది.

"నాలుగో జ్వరం లేచినాయప్పా" అంది సంబరంగా. పురుగు పాత చర్మం విడిచే నిద్రను వీళ్లు జ్వరం అంటారు. నాలుగోది దాటితే ఒక వారం తిండి, ఆ పైన గూడు. "ఏమప్పా, ఇంత పొద్దున్నే వస్తివి?"

వెనక గ్రౌండులో బెంగళూరు నుంచి వచ్చిన అతిథులు, టీవీ వాళ్లు నా కోసం చూస్తున్నారు. ఇప్పుడు నోరు విప్పితే గొడవ. గాలి ఇంత దూరం వచ్చి ఉండదులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

"ఊరికే వచ్చానక్కా."

ఆమె గంపతో లోపలికి పోయింది. కాసేపటికి ఆ చిరుజల్లు మొదలైంది. నేను నిలబడి విన్నాను.

రెండో రోజుకు చప్పుడు ఆగిపోయింది. కిటికీ వల లోంచి చూశాను. పురుగులు తలలెత్తి ఊగుతున్నాయి, పచ్చగా కక్కుతున్నాయి. చుట్టుపక్కల వాళ్లు పోగయ్యారు. మందు గాలి తగిలిందేమో అన్నాడొకడు. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టు నేను తల దించుకున్నాను. ఆమె ఆ మనిషి మీద గయ్యిమంది.

"కొట్టింటే సారు నాకు చెప్పకుండా ఉంటాడా? తప్పు నాదే. మొన్న పొద్దంతా బత్తలపల్లిలో చావింటికాడ ఉండొచ్చి, తలకు పోసుకోకుండా లోపలికి పోయినా. నా చెయ్యే చెడ్డది."

నేను నాకు చేతనైన పని చేశాను. కొత్త తట్టలు, ఫ్యాన్లు కొనిచ్చాను, పై రేకులు మార్పించాను. రైతుకు చేయూత అని పేపర్లో ఫోటో వచ్చింది. ఆమె నాకు దండం పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. అంతకంటే సిగ్గుచేటు, నన్ను ఎందుకు అనుమానించదు అని ఆమె మీదే కోపం వచ్చేది. షెడ్డు కనిపించకుండా కంచెకు గుడ్డ కట్టించాను.

పది నెలలు ఆమె పురుగు తేలేదు. మొన్న ధర్మవరంలో మా కొట్టుకు వచ్చింది.

"మళ్లా పురుగు తెస్తాండా. నా చేతి మీద నమ్మకం లేదప్పా. మొదటి ఆకు నువ్వెయ్యాల. నీది ఇచ్చే చెయ్యి."

సెంటు లేకుండా, వాసన సబ్బు లేకుండా స్నానం చేసి వెళ్లాను. గడప దగ్గర బ్లీచింగ్ నీళ్లతో కాళ్లూ చేతులూ కడిగించి, మొదటిసారి నన్ను లోపలికి రానిచ్చింది. తట్టలో వడ్లగింజంత పురుగులు. సన్నగా తరిగిన ఆకు నా దోసిట్లో పోసింది. చల్లాను. అవి మెల్లగా ఆకు మీదికి ఎక్కుతున్నాయి. ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాను. నిజంగానే నోరు తెరిచాను.

జేబులో ఫోన్ మోగింది. కడిగిన చేతులతో ముట్టుకోవద్దని ఆమే తీసి, స్పీకర్ నొక్కి, నా ముందు పట్టుకుంది.

"సార్, గడ్డికి మళ్లా పురుగు పట్టింది" అన్నాడు మేస్త్రీ. "పోయినేడు మ్యాచ్ ముందర కొట్టిన మందే తెప్పించాల్నా?"

సార్, సార్ అని పిలిచి అతనే పెట్టేశాడు. ఆమె ఫోన్ నా జేబులో వేసింది. తట్ట మీదికి వంగి, నేను చల్లిన ఆకును ఒక్కో ముక్కా ఏరడం మొదలుపెట్టింది. అంటుకున్న పురుగును వేలితో తట్టలోకి జారుస్తూ, ఆకు అంతా తీసి గడప బయట పడేసింది. నా వైపు చూడలేదు.

"ఒక్క మాట చెప్పమంటి కదప్పా" అంది.