నీళ్ల ట్యాంకు నిచ్చెనకు ముప్పైఒక్క మెట్లు

గత గురువారం తెల్లవారుజామున ఐదుంబావుకు మా మామ కోవిల్‌పట్టిలోని తన ఇంట్లో చనిపోయారు. మా అమ్మకు తమ్ముడు. చాలా ఏళ్లుగా చక్కెర జబ్బు ఉంది. ముప్పై ఏళ్లకు పైగా కెమెరాలు, లెన్సులు బాగుచేశారు. నా లెన్సు ఒకటి రెండేళ్లుగా ఆయన దగ్గరే ఉంది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆయనను తలచుకుంటే ముందు విసుగే గుర్తొస్తుంది. పోయినవాళ్ల గురించి ఇలా రాయకూడదంటారు. కానీ మామ దగ్గర పని చేయించుకున్న వాళ్లెవరూ దీన్ని కాదనరు.

ఆ లెన్సును తొంభైల మధ్యలో నాకిచ్చింది ఆయనే. మర తిప్పి బిగించే పాతకాలపు లెన్సు, దూరపు దృశ్యాలకు వాడేది. విరుదునగర్‌లో ఒక తమిళ పత్రికకు విలేఖరిగా చేరినప్పటి నుంచి, ఫిల్ము కెమెరాకు దాన్ని బిగించుకుని పదేళ్లు పనిచేశాను. తర్వాత ఆఫీసు డిజిటల్ కెమెరా ఇచ్చింది. దానికి పాత లెన్సు ఎక్కదు. మధ్యలో ఒక రింగు పెట్టాలి. మదురైలో కొన్న రింగు కొంచెం పలచన. దాంతో లెన్సు ఉండాల్సిన చోటికంటే లోపలికి కూర్చుంది. ఫోకస్ చక్రాన్ని చివరికంటా తిప్పితే దూరపు కొండ స్పష్టంగా కనబడాలి. అలా కాకుండా కొండను దాటిపోయి మసకబారేది. జనం మధ్య పరుగెత్తే విలేఖరికి నిదానంగా సరిచూసుకునే తీరిక ఉండదు. చివరికంటా తిప్పి నొక్కడమే.

ఈ తేడాను మామ అగ్గిపెట్టె లేబుళ్లతో సరిచేసేవారు. ఊరంతా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలే కాబట్టి లేబుల్ కాగితానికి కొదవ లేదు. దాన్ని సన్నటి వలయాలుగా కత్తిరించి, అగ్గిపుల్లలను ముంచే మైనంలోనే ముంచి, రింగుకూ లెన్సుకూ మధ్య ఒక్కొక్కటే పేర్చేవారు. ఒక కాగితం ఎక్కువైతే దూరం అందదు. తక్కువైతే దాటిపోతుంది. "దూరం సరిగా కుదిరిందంటే దగ్గరిది దాని పాటికి వస్తాది" అనేవారు.

పరీక్ష మిద్దె మీద. రైలు పట్టాలకు అవతల, దాదాపు మైలు దూరంలో ఒక నీళ్ల ట్యాంకు ఉంది. దానికి ఇనుప నిచ్చెన. కెమెరాలోంచి ఆ నిచ్చెన మెట్లు లెక్కపెట్టగలిగితే లెన్సు కుదిరినట్టు. ఉదయం ఎనిమిది దాటితే నల్లరేగడి నేల మీంచి వేడి లేచి మెట్లు కదులుతాయని పొద్దున్నే రమ్మనేవారు. మబ్బు పడితే రేపు రమ్మనేవారు. ఫోను చేస్తే ఎత్తరు. కెమెరా సొంతదారు రాకుండా పరీక్ష చేయరు. నేను చీకటితో లేచి విరుదునగర్‌లో బస్సెక్కి, గంటకు పైగా కూర్చుని వచ్చి, మబ్బు చూసి తిరిగి వెళ్లిన రోజులు ఎన్నో ఉన్నాయి.

మొదట్లో ఆయనే తలమీద తుండుగుడ్డ కప్పుకుని ముందు చూసేవారు. తర్వాత కెమెరా తెచ్చిన మమ్మల్ని చూడమనేవారు. చివరి ఏళ్లలో తాను చూడటం మానేశారు. పక్కన నిలబడి, "ఎన్ని మెట్లు?" అని అడిగేవారు. బడిపిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించినట్టు ఉండేది.

"మీరే చూసి చెప్పచ్చు కదా మామా?"

"నీ కెమెరా, నీ కన్ను. నేను చూసి ఏం చేసేది? చెప్పు అల్లుడా, ఎన్ని?"

రెండేళ్ల కిందట ఒక ఉదయం, కాగితాలు మార్పించుకోవడానికి అది మూడో రాక. తొమ్మిదికి విరుదునగర్ కలెక్టరు ఆఫీసులో సమావేశం ఉంది. ఏడున్నరకు బస్సు. ఆరు కాగితాలు పేర్చి కెమెరా నా చేతికిచ్చారు. కంటికి ఆనించాను. నిచ్చెన నల్లటి గీతలా కనిపించింది. ముప్పైఒకటి అని నాకు ముందే తెలుసు, అంతకుముందు ఎన్నోసార్లు లెక్కపెట్టినవే.

"ముప్పైఒకటి మామా."

"నిజంగానా?"

"ముప్పైఒకటే. నాకు బస్సు పోతుంది."

ఆయన మరలు బిగించి, తుడిచి ఇచ్చారు.

ఆ వారమే పాంచాలంకురిచ్చి కోట దగ్గర ఒక సభకు వెళ్లాను. ఫోటోల్లో ముందున్న కంచె తీగలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి. వెనక కోట, వేదిక, మనుషులు అంతా మసక. ఒక్కటీ అచ్చుకు పనికిరాలేదు. లెన్సు తీసుకుని నేరుగా కోవిల్‌పట్టి వెళ్లి, వేరే గిరాకీల ముందే గట్టిగా అరిచాను. అగ్గిపెట్టె కాగితాలతో చేసే పని ఇలాగే ఉంటుందన్నాను.

మామ అంతా విని ఒకటే అడిగారు.

"ఆ పొద్దు మెట్లు ఎంచితివా?"

"ఎంచాను మామా."

"సరి. అట్లయితే కాగితం తడి పట్టింటాది. నా తప్పే. వారం విడిచి రా."

ఆ వారం రెండేళ్లయింది. అడిగినప్పుడల్లా "ఇంకా తప్పు దొరకలే" అనేవారు. బద్ధకమనుకున్నాను. మొహమ్మీదే అన్నాను. పోయిన నెల కూడా అన్నాను.

శనివారం ఇంటికి వెళ్లినప్పుడు మా అత్త బిస్కెట్ డబ్బా తెచ్చి ముందు పెట్టింది. లోపల నా లెన్సు, ముక్కలుగా. పక్కన మైనం పూసిన కాగితపు వలయాల పొట్లాలు, ఒక్కోదాంట్లో ఆరేసి.

"ఎన్నితూర్లు విప్పె, ఎన్నితూర్లు బిగించె! పాత కాగితం తీసి కొత్తది పెట్టేది, మళ్ళా మైనం పూసేది. తప్పు యాడుండాదో తెలీలేదని ఒకటే పొలంబల్, తనలో తానే గొణుగుడు."

"మిద్దె మీద చూసుకోవచ్చు కదా అత్తా?"

"యాడ చూసేది? సుగర్ కన్ను తినేసిండాది. నాలుగేండ్లుగా ముందరున్న కంచంలో అన్నమే మసక. ఎవరితోనూ చెప్పొద్దని ఒట్టు పెట్టించె. నాకా, మోకాళ్లు మెట్లెక్కనియ్యవు. వచ్చిన గిరాకీల కంటితోనే మీ మామ పని చేసిండేది."

డబ్బా అడుగున ఒక చీటీ ఉంది. ఆయనకు తెలుగు మాట్లాడటమే వచ్చు, రాయడం తమిళంలో. తమిళ అక్షరాల్లో తెలుగు మాటలు: ఆరు కాగితాలు. అల్లుడు చూసె. ముప్పైఒకటి.

నేను ముప్పైఒకటి అన్నాను కాబట్టి ఆరే సరైన లెక్క అనుకున్నారు. ఐదు పెట్టి చూడాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. రెండేళ్లు ఆరు కాగితాలనే మార్చి మార్చి పెట్టారు.

ఆ రోజు లెక్కపెట్టలేదని అక్కడే చెప్పేశాను. అత్త నా వైపు చూసి, "కాపీ తాగుతావా?" అని లోపలికి వెళ్లింది. శివకాశిలో అచ్చు యంత్రాల మీద పనిచేసే మామ కూతురు మాత్రం వదల్లేదు.

"పేపర్లో రాసేదంతా ఇట్లనేనా బావా? చూడకనే?"

నాన్న దగ్గర నేర్చుకున్న పనితో లెన్సును ఆమే కూరుస్తానంది. ముందు ఐదు కాగితాలతో.

పరీక్ష ఈ ఆదివారం ఉదయం ఆరున్నరకు, అదే మిద్దె మీద. మబ్బు ఉంటే సోమవారం. కెమెరా నేను తేవాలి. మెట్లు కింది నుంచి ఒక్కొక్కటే, పైకి వినబడేలా లెక్కపెట్టాలని షరతు. అత్త కింద, మిద్దె మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని వింటుంది.