పేరులేని వాల్యూమ్

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, మాదాపూర్‌లోని మా సంస్థ నాకు డేటాబేస్ సర్వర్ ఇమేజ్ బాధ్యత అప్పగించింది. అప్పటికి నేను ప్రిన్సిపల్ ఇంజినీరును. మా సర్వర్ ఓపెన్ సోర్స్‌ది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దాన్నీ, దానికి కావలసిన సరంజామానంతటినీ ఒకే కట్టగా కట్టి, ఏ యంత్రంలోనైనా ఒక్క ఆదేశంతో లేచి నిలబడేలా చేస్తే అది ఇమేజ్. అలా లేచి నడుస్తున్నదాన్ని కంటెయినర్ అంటారు. ఇమేజ్ ఎవరైనా తయారు చేయవచ్చు. 'అధికారిక' అన్న ముద్ర పడాలంటే మాత్రం బయటి సమీక్షకులు ప్రతి వరుసా చదువుతారు. బయటినుంచి తెచ్చుకున్న ప్యాకేజీ డిజిటల్ సంతకం సరిచూశామా, సర్వర్‌ను పరిమిత అధికారాలున్న ఖాతాతోనే నడుపుతున్నామా అని అడుగుతారు.

కంటెయినర్‌ను తీసేస్తే దానిలో రాసిందంతా పోతుంది. అందుకే డేటాను వాల్యూమ్ అనే వేరే చోట ఉంచుతారు. దేహం పడిపోయినా ఆత్మ నిలుస్తుందని ఆదివారపు బడిలో చిన్నప్పుడే నేర్చుకున్నదాన్ని, నాకు ఆ ఏర్పాటు మొదటి రోజే నచ్చింది.

వేసవిలో ముద్ర వచ్చింది. ఆ వారమే వాడకం వివరించే పేజీని నేనే రాశాను. వర్షాకాలం మొదట్లో మా బహిరంగ ఫిర్యాదుల పేజీలో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసిన సందేశం ఒకటి కనిపించింది. బాలానగర్‌లో ఇనుప భాగాలను కొలిమిలో కాల్చి గట్టిపరిచే షెడ్డు నడుపుతున్న స్వరూప రాసింది. ప్రతి సరుకునూ ఎంత వేడిలో ఎంతసేపు ఉంచారో మా డేటాబేస్‌లోనే రాసుకుంటుందట. ఉదయం కొత్త వెర్షన్‌కు మారింది, అంతా ఖాళీ. మర్నాడు సరుకిచ్చిన కంపెనీవాళ్ల తనిఖీ. ఆ లెక్కలు చూపకపోతే వాళ్లు తీసుకెళ్లిన సరుకంతా వెనక్కి వస్తుంది. సందేశంలోని నంబరుకు ఫోన్ చేశాను.

"మీ డబ్బ మంచిగనే లేసింది మేడమ్. లోపలనే ఏం లేదు," అంది. "మీ పేజీల ఎట్లున్నదో అట్లనే కొట్టిన. నా తప్పేంది?"

ఆమె మాట్లాడుతుండగానే పేజీ తెరిచాను. నేను రాసిన ఉదాహరణలో వాల్యూమ్ సర్వర్ డేటా రాసే ఫోల్డర్‌కు కాక, దానికి ఒక మెట్టు పైన తగిలి ఉంది. దాంతో ఆమె పేరు పెట్టిన వాల్యూమ్ ఖాళీగా ఉండిపోయింది. వ్యవస్థ తనంతట తానే పేరులేని వాల్యూమ్ ఒకటి సృష్టించి, దానికి అరవై నాలుగు అక్షరాల గుర్తు తగిలించి, డేటానంతా అందులో పోసింది. కంటెయినర్‌ను కొత్తగా లేపినప్పుడు అది వెనకే ఉండిపోయింది.

డిస్క్ నిండిందని, కంప్యూటర్లు బాగుచేసే శ్రీను భోజనం కాగానే వచ్చి వాడని వాల్యూమ్‌లన్నీ తుడిచేస్తానన్నాడని స్వరూప చెప్పింది. ఆ ఆదేశం నడిస్తే ముందు పోయేది అదే. ఎవరినీ కీబోర్డు ముట్టనివ్వొద్దని చెప్పి బయలుదేరాను.

మెట్రో నేలకు పైన, బరువే లేనట్టు సాగింది. అద్దాల మేడల్లో మేఘాలు నడుస్తున్నాయి. మేడలు తేలుతున్నాయో నేను తేలుతున్నానో తెలియలేదు. కళ్లు మూసుకుంటే ఎక్కడో చీకట్లో ఒక పెట్టె, దానిలో నిద్రపోతున్న అంకెలు. మనం పేరు పెట్టనివాటిని కూడా ప్రభువు ఎరుగుతాడని నమ్ముతాను. అది చెరిగిపోకముందే నన్ను చేర్చమని మాత్రం అడిగాను.

షెడ్డులో కొలిమి తలుపు తెరిచినప్పుడల్లా గోడలు నారింజ రంగులోకి కరిగి, మళ్లీ గోడలయ్యేవి. శ్రీను కంప్యూటర్ ముందే ఉన్నాడు.

"స్వరూపక్క కీబోర్డు గుంజుకొని ఒళ్లె పెట్టుకున్నది మేడమ్. గంట సంది చాయ్ సుత పోస్తలేదు," అన్నాడు.

కంగారులో స్వరూప కంటెయినర్‌ను, ఉదయం వెర్షన్ మారినప్పటిదీ కలిపి, నాలుగుసార్లు తీసేసి లేపింది. అందుకే పేరులేనివి అయిదు ఉన్నాయి. పరిమాణాలు చూస్తే నాలుగు తేలిక, ఒకటి బరువు. ముందు దానికి నకలు తీసుకున్నాను. తర్వాత ఆమె పేరు పెట్టిన వాల్యూమ్‌లోకి మార్చి, సరైన చోట తగిలించి సర్వర్‌ను లేపాను. ఆ నారింజ వెలుగులో వరుసలు ఒక్కొక్కటే పైకి తేలాయి: షాఫ్టులు, డైలు, డిగ్రీలు, గంటలు. స్వరూప చివరి వరుస మీద వేలు పెట్టింది.

"నిన్న పొద్దుమీకి పెట్టిన గేర్లు. ఉన్నయి." నా వైపు తిరిగింది. "మీ పేజీ చూసి ఇంకెంతమంది గిట్ల కొట్టిండ్రో, మేడమ్?"

అక్కడే కూర్చుని పేజీ సరిదిద్దాను. పాత ఉదాహరణ వాడినవారు ఏమీ తుడవకూడదనీ, డేటాను ఎలా వెతకాలనీ పైనే రాశాను. తప్పు అనక్కర్లేదు, 'సవరణ' అంటే చాలని మా మేనేజర్ ఫోన్‌లో అన్నారు. మా చర్చిలో బైబిలు వాక్యం చదివేవారు తప్పు చదివితే, నిలబడిన చోటే ఆ వరుస మళ్లీ చదువుతారు. ఆ తప్పుకు ఎవరూ వేరే పేరు పెట్టరు. తప్పు నాదేనని కింద పేరు రాశాను. తర్వాతి రోజుల్లో ఇంకొందరు తమ డేటాను అలాగే వెతికి పట్టుకున్నామని రాశారు. అప్పటికే తుడిచేశామని ఇద్దరు రాశారు. వారికి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఆ తర్వాత మా బృందంలో పద్ధతి మారింది. పేజీలోని ప్రతి ఆదేశాన్నీ ఖాళీ యంత్రంలో నడిపి, కొంత డేటా రాసి, కంటెయినర్‌ను తీసేసి మళ్లీ లేపి, డేటా కనిపించాకే పేజీని ప్రచురించేవాళ్లం. సమీక్షకులు ముద్ర వేసింది ఇమేజ్‌కు. స్వరూప నమ్మింది పేజీని.