బొటనవేలంత ఇంజను

ఆ వీధిలో సగంమంది నవ్వు ఆయన చేతి పనే. పళ్ళ డాక్టర్లు నోళ్ళ అచ్చులు తీసి పంపితే, వాటిని బట్టి కట్టుడు పళ్ళు చేసిచ్చేవాడు. ఇంటి ముందుగదే ఆయన పనిగది. అందరూ పళ్ళ మేస్త్రి అనేవాళ్ళు. "నామీద ఎవరు పళ్ళు నూరినా నాకు భయం లేదు, ఆ పళ్ళు నేను చేసినవేగా" అని తనే జోకు వేసి, ఎదుటివాడికంటే ముందు తనే నవ్వేవాడు.

భార్య వెనకగదిలో మిషను కుట్టేది. వాళ్ళకి ఒక్కతే కూతురు. పాకే వయసులోనే తండ్రి బల్ల కింద చేరి, చేతికందిన మరమేకునల్లా ఊడదీసేది. ఒకసారి నట్టు మింగేసి ఇల్లంతా హడలగొట్టింది. అది క్షేమంగా బయటపడ్డాక తల్లి కోపంతో పెట్టిన పేరు నట్టు. ఆ పేరే నిలిచిపోయింది. పెద్దయ్యాక సైన్యంలో చేరి హెలికాప్టర్ ఇంజన్ల మెకానిక్కయింది. యూనిఫాంలో గుమ్మం ముందు నిటారుగా నిలబడినా సరే, తండ్రి మాత్రం "వచ్చావటే నట్టూ" అనే అనేవాడు.

చివరిసారి సెలవుకి వచ్చినప్పుడు సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసి బల్లమీద పెట్టింది. ముక్కలు ముక్కలుగా ఉన్న ప్లాస్టిక్ హెలికాప్టర్ బొమ్మ. అతికించుకుంటే మూరెడు పొడవుంటుంది.

"ఇదే నాన్నా మా బండి. నీకు ఎన్నిసార్లు ఫోన్లో చెప్పినా అర్థం కావట్లేదని తెచ్చాను."

ఇద్దరూ ముక్కలన్నీ పరుచుకుని కూర్చున్నారు. రెక్కలున్నాయి, తోకుంది, తలుపులున్నాయి, పైలట్లకి కుర్చీలు, ఆ కుర్చీలకి బెల్టులు కూడా ఉన్నాయి. నట్టు వీపు ముక్క చేతిలోకి తీసుకుని తిప్పి చూసి పెదవి విరిచింది.

"చూశావా, ఇంజను మూతలు ఒంటికి కలిపేసి పోశారు. లోపల ఒట్టి డొల్ల. పైలట్లకి బెల్టులు కూడా చేశారుగానీ, పొద్దున లేస్తే నేను తల దూర్చే చోటు మాత్రం చెయ్యలేదు."

"దానిదేముందే, మూత కోసేద్దాం. లోపలిది మనమే చేద్దాం. బోసినోళ్ళకి ముప్ఫైరెండూ పెట్టినవాణ్ణి, దీనికో ఇంజను పెట్టలేనా?"

"ఒకటి కాదు, రెండు పెట్టాలి."

"రెండు పెడతాను. నువ్వు చెబుతూ ఉండు చాలు."

ఆ మధ్యాహ్నమే నట్టు సన్నటి రంపపు బ్లేడుతో ఎడమ మూత కోసింది. పళ్ళు అరగదీసే పనిముట్టుతో తండ్రి అంచులు నున్నగా చేశాడు. తల్లి గుమ్మంలోంచి తొంగిచూసి, "ఇద్దరూ ఇద్దరే. ఒకరిని చూసి ఒకరు చెడిపోయారు" అని నవ్వుకుంటూ వెళ్ళింది. ఇంజన్లు వచ్చే సెలవుకి చేద్దామనుకున్నారు.

ఆ సెలవు రానేలేదు.

వానలకి నది పొంగి ఊళ్ళు మునిగాయి. మేడలమీద చిక్కుకున్నవాళ్ళని తాడుతో పైకి లాగడానికి నట్టు వాళ్ళ హెలికాప్టర్ వెళ్ళింది. గాల్లో ఉన్నప్పుడు తలుపు దగ్గర నిలబడి తాడు నడిపించే పని నట్టుది. ఒక విడత మనుషుల్ని తెచ్చి మెరకమీద దించి, రెండో విడతకి బయల్దేరారు. దారిలో హెలికాప్టర్ నదిలో కూలిపోయింది. అందులో ఉన్న నలుగురిలో ఒక్కరూ మిగల్లేదు.

నట్టు పెట్టెలో ఇంటికొచ్చింది. తెరవొద్దన్నారు. తల్లి ఆ పెట్టెమీద అరచెయ్యి వేసి, జ్వరమొచ్చిన పిల్లని నిమిరినట్టు నిమురుతూ కూర్చుంది. కళ్ళమ్మట చుక్క నీరు రాలేదు. చూసినవాళ్ళంతా, ఏడ్చేస్తే బాగుండునమ్మా అనుకున్నారు.

పరామర్శకి వచ్చినవాళ్ళలో ఎదురింటి బస్సు డ్రైవరొకడు. చెడ్డవాడేం కాదు. నోటికి తాళం లేదంతే. "గాల్లో ఉండగా ఇంజను ఆగిపోయిందట కదా మేస్త్రీ. ఇంజను చూసుకునేది మన అమ్మాయేనట కదా?" అన్నాడు. పక్కనున్నవాడు మోచేత్తో పొడిస్తే నాలిక కరుచుకున్నాడు. కానీ అనేసిన మాటకి గోడలు కట్టగలమా? నిప్పు లేనిదే పొగ రాదని ఇంకెవరో గొణగడం కూడా మేస్త్రి చెవిన పడింది.

ఆ మాట ఆయన గుండెలో ముల్లులా దిగబడింది. బిడ్డ పోయిన బాధ ఒక ఎత్తు, ఈ అనుమానం ఒక ఎత్తు. నా పిల్ల చెయ్యి జారిందా? ఏదైనా బిగించడం మరిచిందా? తనతోపాటు ఇంకో ముగ్గుర్ని తీసుకుపోయిందా? ఎవరినీ అడగలేడు. భార్య దగ్గర ఆ మాట ఎత్తడానికి నోరు రాలేదు. మింగలేక, కక్కలేక కొన్నాళ్ళు తిరిగి, ఒక పొద్దున ఆ అట్టపెట్టె దించి బల్లమీద పెట్టుకున్నాడు.

భార్య చూసింది. "ఏంటది?"

"ఊరికే. చేతికి పనుండాలిగా."

"మన పిల్లని మింగినదాన్ని ఇంట్లో కూర్చుని తయారుచేస్తారా? మనసెలా ఒప్పింది మీకు?"

ఆయన తలెత్తలేదు. ఆమె తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయింది. ఆనాటినుంచి ఆ గదిలో అడుగు పెట్టలేదు. అన్నం వేళకి బయటనుంచి "కంచం పెట్టాను" అని ఒక్క కేక వేసేది.

మేస్త్రికి తెలిసిన ఇంజను కూతురి మాటల్లోదే. బొమ్మలు చేసేవాళ్ళ కోసం వేసిన ఫొటోల పుస్తకమొకటి తెప్పించుకున్నాడుగానీ, అందులో అసలైన మూలలన్నీ నీడలోనే ఉన్నాయి. ఆ నీడలో ఏముందో మాత్రం నట్టు చెప్పి ఉంది. ఎడమ ఇంజను వెనక చెయ్యి దూరని సందు ఉంటుందనీ, అక్కడి నట్టు బిగించాలంటే మోచెయ్యి దోక్కుపోతుందనీ చెప్పింది. రెండు ఇంజన్ల మధ్య మంట దాటకుండా రేకుగోడ ఉంటుందనీ, వేడికి అది నెమలి మెడలా నీలం తిరుగుతుందనీ చెప్పింది.

పంటి తొడుగులు చేసినట్టే చేశాడు. మైనంతో ఇంజను ఒళ్ళు చెక్కి, దానిచుట్టూ సుద్ద పోసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోశాడు. మొదటిసారి విప్పి చూస్తే బొటనవేలంత ముద్ద వచ్చింది, అచ్చం దవడ పన్నులా. వేళ్ళకి అలవాటైన వంపులు వేళ్ళని వదల్లేదు. అది చూసి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగా, పక్కన నవ్వేవాళ్ళు లేరని తెలిసింది. దాన్ని పారేసి మళ్ళీ చెక్కాడు.

పళ్ళకి కొక్కేలు చేసే ఉక్కుతీగ వంచి ఇంధనం గొట్టాలు చేశాడు. మాత్రల అట్టమీది వెండికాగితం కత్తిరించి గొట్టాలు పట్టుకునే పట్టీలు చుట్టాడు. పాత కరెంటు వైరు ఒలిచి, లోపలి రాగిపోగుల్ని కట్టలు కట్టాడు. ఆరు పలకల ప్లాస్టిక్ పుల్లని పొరలుగా కోసి, కంటికి భూతద్దం తగిలించుకుని, ఆవగింజలో సగమైనా లేని నట్లని ఒక్కొక్కటే అతికించాడు. అతికించే ముందు ప్రతిసారీ చెయ్యి ఆగేది. ఇదా? ఇక్కడేనా? అనుకునేవాడు. బల్ల రెండో కొసన అచ్చులు నోళ్ళు తెరుచుకుని ఎదురుచూస్తుండేవి. డాక్టర్లు ఫోన్ చేస్తే రేపన్నవాడు మళ్ళీ ఎల్లుండి అనేవాడు.

అలా ఒక మధ్యాహ్నం పెద్దన్న వచ్చాడు. నట్టుతో ఒకే బండిమీద పనిచేసిన సీనియర్ మెకానిక్. నట్టు పెద్దన్నా అని పిలిచేది కాబట్టి, ఎప్పుడూ చూడకపోయినా ఈ ఇంట్లో కూడా అతను పెద్దన్నే. ఎత్తుకి ఎత్తు, లావుకి లావు. గుమ్మంలో తల వంచుకుని వచ్చి, బల్లమీద బొమ్మని చూడగానే కుర్చీ కూడా లాక్కోకుండా మోకాళ్ళమీద కూర్చుండిపోయాడు.

"ఎవరు చెప్పారు బాబాయ్, ఇవన్నీ?"

"అదే చెప్పింది."

పెద్దన్న భూతద్దం తీసుకుని చాలాసేపు చూశాడు. "ఈ నూనెగొట్టం ముందునుంచి కాదు, వెనకనుంచి వస్తుంది. మిగతావన్నీ..." అని ఆగిపోయాడు. "ఆ సందులో నట్టు కూడా పెట్టారా! దాన్ని రోజూ తిట్టేది బాబాయ్, నోటికొచ్చినట్టు తిట్టేది."

మేస్త్రి పట్టకారు బల్లమీద పెట్టేశాడు. ఇన్నాళ్ళూ ఎవరినీ అడగలేనిది అప్పుడు అడిగేశాడు.

"నిజం చెప్పు నాయనా. దాచకు. మా పిల్ల చేతిపనిలో ఏమైనా పొరపాటు జరిగిందా?"

పెద్దన్న ఆయన వైపు చూశాడు. "మీకెవరన్నారు ఆ మాట?"

"ఎవరో ఒకరు. ఇంజను ఆగిందన్నారు."

"ఆగలేదు బాబాయ్. నీళ్ళలోంచి తీసిన ఇంజన్లు విప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. తిరిగే ఇంజను దెబ్బ తింటే లోపలి రెక్కలు ఒక తీరుగా వంగుతాయి. ఆగిన ఇంజనుకి అలా వంగవు. రెండూ చివరిదాకా తిరుగుతూనే ఉన్నాయి." అతను ఊపిరి తీసుకున్నాడు. "నదికి అటూ ఇటూ గుట్టలున్నాయి. ఎప్పుడో రాళ్ళ తొట్లు వేలాడదీసి నది దాటించిన పాత ఇనుపతాడొకటి వాటిమధ్య అలాగే ఉండిపోయింది. మా మ్యాపుల్లో లేదు. ఆ వానలో కనపడలేదు. పైరెక్క దానికి తగిలింది. మా నట్టు బిగించినవి ఏవీ వదులవలేదు బాబాయ్. రిపోర్టు రావడానికి ఇంకా టైము పడుతుంది, ఈలోగా మీరేం అనుకుంటున్నారోనని వచ్చాను."

ఈ మాట వింటే గుండెల మీది బరువు దిగుతుందనుకున్నాడు మేస్త్రి. దిగలేదు. తప్పంటూ ఒకటుంటే, ఇదిగో ఇక్కడని వేలు పెట్టి చూపించుకుని ఏడ్చేవాడేమో. ఇప్పుడు ఎక్కడ వేలు పెట్టాలి? పైగా, ఇన్నాళ్ళూ కూతురి ఇంజనులో కూతురి తప్పు వెతుక్కుంటూ కూర్చున్నాడు. ఆ సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"అడిగేశారా?" అన్న గొంతు వినిపించింది.

భార్య మంచినీళ్ళ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపైందో తెలీదు.

"నీకు..." అన్నాడు మేస్త్రి.

"మీరు అందులో ఏం వెతుకుతున్నారో నాకు తెలీదనుకున్నారా? ఎదురింటాయన అన్నమాట నేనూ విన్నాను. మీ కన్ను వెంట్రుకంత తేడా ఉన్నా పట్టేస్తుంది. ఎక్కడ ఏం కనిపెట్టేస్తారోనని హడలి చచ్చాను. అందుకే ఆ తలుపు మూశాను. బొమ్మమీద నాకేం కోపం?"

ఒకే ఇంట్లో, ఒకే భయాన్ని చెరో గదిలో మోశారన్నమాట. ఆమె లోపలికొచ్చి గ్లాసు పెద్దన్న చేతికిచ్చింది. బల్ల అంచు పట్టుకుని అడిగింది.

"ఆఖర్న భయపడిందా నాయనా?"

"ఆ ఇనుపతాడు తగిలాక భయపడేంత టైము కూడా ఉండదు పిన్నీ. అంతకుముందు మాత్రం భయమేం లేదు. వాళ్ళు మాట్లాడుకున్నది రికార్డయింది, మాకు వినిపించారు. మామూలుగానే ఉంది. ఆకలేస్తోందనీ, దిగాక తిండి పెట్టిస్తారా లేక గాలి మింగమంటారా అనీ పైలట్‌ని ఆట పట్టిస్తోంది."

ధైర్యం చెబుదామనే అన్నాడు పాపం. ఆమె మొహం చూశాక, ఎందుకన్నానా అనుకున్నాడు.

"ఆకలేస్తోందందా?"

పెద్దన్న గ్లాసు బల్లమీద పెట్టేశాడు.

"ఏమీ తినలేదా? పొద్దుటినుంచీ ఏమీ పెట్టలేదా దానికి?" అంటూ ఆమె అక్కడే నేలమీద కూలబడింది. పెట్టె వచ్చిన రోజున రాని ఏడుపు అప్పుడొచ్చింది. "నా పిల్ల ఆకలితో పోయింది" అని గుండెలు అవిసేలా ఏడ్చింది. మేస్త్రి పక్కన కూర్చుని వీపుమీద చెయ్యి వేశాడు. పెద్దన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

కొన్నాళ్ళకి రిపోర్టు వచ్చింది. పెద్దన్న చెప్పిందే అందులోనూ ఉంది. బస్సు డ్రైవరు వచ్చి గుమ్మంలో చెప్పులు చూసుకుంటూ నిలబడి, "అన్నా, నా నోరే నాకు శత్రువు" అనేసి వెళ్ళిపోయాడు. అతనిమీద కోపం తెచ్చుకోవడానికి కూడా వాళ్ళకి ఓపిక లేదు.

మేస్త్రి నూనెగొట్టం పీకి వెనకవైపునుంచి మళ్ళీ పెట్టాడు. భార్య కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. రాగిపోగుల కట్టలు చూసి, "ఇవేం ముళ్ళండీ, గొడ్డుని కట్టేసినట్టు" అని తన దారపుండ తెచ్చింది. ఒంటిపోగు తీసి, పెసరగింజంత ఎడంలో ఒక్కో ముడీ వేసి కొనలు కత్తిరించింది.

"ఇది దేనికి పోయే వైరు?"

"మంట అంటుకుంటే పైలట్‌కి తెలియజెప్పేది."

"మరి ఇది?"

"అది నాకూ తెలీదు. పెద్దన్నని అడగాలి."

బొమ్మ పూర్తయ్యాక పెద్దన్న పై అధికారి కబురు పంపాడు. కొత్తగా చేరే మెకానిక్కులకి చూపించడానికి తమ దగ్గర పెట్టుకుంటామని, పేరు కూడా రాయిస్తామని. మేస్త్రి మెత్తబడ్డాడు. ఆమె ఒప్పుకోలేదు. "ఈ ఇంట్లోంచి ఒకళ్ళని ఇచ్చాం. ఇది ఇక్కడే ఉండనివ్వండి" అంది.

ఆ తర్వాత ఆమె తన మిషను ముందుగదిలోకి జరుపుకుంది. ఇప్పుడు ఇద్దరూ ఒకేచోట పనిచేస్తారు. మాటలు తక్కువే. పళ్ళు నూరే జోకు ఆయన మళ్ళీ వెయ్యలేదు. జాకెట్టు కొలతలివ్వడానికో, పళ్ళ సెట్టు తీసుకోవడానికో వచ్చినవాళ్ళు కిటికీ పక్కన ఎడమ మూత తెరిచిన హెలికాప్టర్‌ని చూసి, వంగి, "అబ్బ, లోపల ఇంజను కూడా ఉందే! ఎవరు చేశారు?" అంటారు. మేస్త్రి తల వంచుకుని అచ్చు గీకుతుంటాడు. ఆమే మిషను ఆపి జవాబు చెబుతుంది.

"మా అమ్మాయి మొదలుపెట్టిందండి."