ఆకుపచ్చ సిరాతో అమెరికా పన్ను

కిందటి ఫిబ్రవరిలో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి కుర్చీలో కూలబడ్డానో లేదో, అమెరికా నుంచి మా ఆవిడ ఫోను చేసింది. అక్కడ ఆవిడ ఒక ఆసుపత్రిలో నర్సు. ఇక్కడ నేను రాజోలుకి దగ్గర్లో ఒక హైస్కూలుకి హెడ్మాస్టర్ని. ఆరేళ్లుగా మా కాపురం ఫోన్లోనే నడుస్తోంది. ఎప్పుడూ నా బీపీ మాత్రల దగ్గర మొదలుపెట్టే మనిషి, ఆ రోజు నేరుగా విషయంలోకి వచ్చేసింది.

"ఏవండీ, ఈసారైనా ఇద్దరి పేరు మీదా కలిపి ట్యాక్సు వేద్దామండి. పోయినేడు అడిగితే పరీక్షలన్నారు, గడువు దాటిపోయింది. ఈసారి కూడా అవ్వకపోతే నేనింక అడగనండి."

అరిచి ఉంటే నాకు భయం ఉండేది కాదు. మెత్తగా అంది. మా ఆవిడ ఇంక అడగను అందంటే నిజంగానే అడగదు. పెళ్లయిన కొత్తలో స్కూటరు నేర్పమని రెండుసార్లు అడిగి, నేను వాయిదాలు వేస్తుంటే అలాగే మానేసింది. తర్వాత నేర్పుతాను రమ్మని నేనే బతిమాలినా బండి ఎక్కలేదు.

మన దగ్గర మొగుడి పన్ను మొగుడిది, పెళ్లాం పన్ను పెళ్లానిది. అక్కడ అలా కాదట. ఇద్దరూ కలిసి ఒకే రిటర్ను వేసుకోవచ్చు, వేసుకుంటే కొంత కలిసొస్తుంది. ఇన్నేళ్లూ ఆవిడ 'పెళ్లయింది, కానీ విడిగా వేస్తున్నాను' అన్న గడిలో టిక్కు పెట్టుకుంటూ వస్తోంది. కలిపి వేయాలంటే నన్ను కూడా అక్కడ ఉన్నవాడి కిందే లెక్కగట్టమని ఇద్దరం సంతకాలు చేయాలి. నా జీతం కూడా వాళ్లకి చూపించాలి. అక్కడి పన్నుల ఆఫీసు నుంచి నా పేరున ఒక నంబరు తెచ్చుకోవాలి, దానికి రుజువు నా పాస్‌పోర్టు. ఇదంతా ఏప్రిల్ నడిమిలోపు అయిపోవాలి.

"ఏం కావాలో అక్కడి ఆడిటరుగారిని అడిగి చెప్తాను, ఉండండి" అంటోంది ఆవిడ.

"కాగితాల సంగతి నాకు చెప్తావా? నువ్వు నిశ్చింతగా డ్యూటీకెళ్లు" అని ఫోను పెట్టేశాను.

ఈ గొప్పకి కారణం ఉంది. నేను గెజిటెడ్ ఆఫీసర్ని. ఆ ప్రమోషన్ వచ్చిన రోజు నుంచీ జేబులో ఆకుపచ్చ సిరా పెన్నూ, సంచిలో సీలూ పెట్టుకుని తిరుగుతున్నాను. ఒకప్పుడు పొద్దున్నే మా వరండా నిండా జనం ఉండేవారు. మార్కుల జాబితాలూ, కుల ధ్రువీకరణ పత్రాలూ, జిరాక్సు కాపీలూ పట్టుకుని "మాస్టారూ, ఒక్క సంతకం అండీ" అని నిలబడేవారు. నేను కావాలనే కాఫీ మెల్లగా తాగేవాణ్ణి. ఆ తర్వాత ప్రభుత్వానికి ఏం పుట్టిందో, ఎవరి కాపీల మీద వాళ్లే సంతకం పెట్టుకుంటే చాలంది. వరండా ఖాళీ అయిపోయింది. ఇప్పుడు మా ఇంటికొచ్చి మాస్టారూ అని పిలిచేది పాలబ్బాయి ఒక్కడే, అదీ డబ్బుల కోసం. అలాంటి నాకు అమెరికా ప్రభుత్వానికి కాగితాలు పంపే పని దొరికింది. ఊరుకుంటానా?

జాయింటు అన్న మాట వినగానే నా బుర్ర నేరుగా పెన్షన్ కాగితాల మీదికి పోయింది. మా శాఖలో ఎవరు రిటైరైనా మొగుడూ పెళ్లాం పక్కపక్కన కూర్చుని దిగిన జాయింటు ఫోటో పెట్టాలి. దాని మీద గెజిటెడ్ సంతకం ఉండాలి. అలాంటివి ఎన్ని జంటలకి చేసి పంపానో! చేసిన ఫైలు ఒక్కటీ వెనక్కి రాలేదు. ఇద్దరు కలిసి వేసే పన్నుకి ఇద్దరూ ఉన్న ఫోటో అక్కర్లేకుండా ఎలా ఉంటుంది? ఎవర్నీ అడగలేదు. పరీక్షల ఏర్పాట్లలో పడి మార్చి నడిమి అయ్యాక, రాజోలు వెళ్లి మెయిన్ రోడ్డు మీద ఒక ఫోటో స్టూడియోలో కూర్చున్నాను.

"అమ్మగారు రాలేదాండీ?" అన్నాడు స్టూడియో ఆయన.

"అమెరికాలో ఉంది."

"ఆయ్. అయితే మనవే రప్పిద్దావండి" అని కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

మా అమ్మాయి పెళ్లిలో తీసిన ఫోటో ఒకటి నా ఫోన్లో ఉంటే ఇచ్చాను. అందులోంచి ఆవిణ్ణి కత్తిరించి తెచ్చి నా పక్కన నిలబెట్టాడు. పట్టుచీరలో, తల్లో పూలతో, నాకంటే జానెడు ఎత్తులో తేలింది. కొంచెం తగ్గించవయ్యా అన్నాను. "అమ్మగార్ని తగ్గిస్తే మొహం మసకొచ్చేత్తాదండి. మిమ్మల్నే పెంచుతాను" అన్నాడు. పెంచాడు. మెడ ఒక్కటే పెరిగింది. పైగా ఆవిడ చూపు పెళ్లిలో భోజనాల వైపు ఎక్కడికో ఉంది, నేనేమో ఎదురుగా ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన అధికారిని చూస్తున్నట్టు బిగుసుకుని ఉన్నాను. అయినా సరే, మూడు కాపీలు తీయించాను. మా పెన్షన్ ఫైళ్లలో మూడే పెడతాం.

ఇంటికొచ్చి తలుపు వేసుకుని సంతకాల యజ్ఞం మొదలుపెట్టాను. ఒక ఫోటో కింద "పై ఫోటోలోని ఇరువురూ భార్యాభర్తలని, వీరు నాకు వ్యక్తిగతంగా తెలుసునని ధ్రువీకరిస్తున్నాను" అని ఇంగ్లీషులో రాసి, ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి, సీలు గుద్దాను. ఆ తర్వాత పాస్‌పోర్టు జిరాక్సు తీసుకున్నాను. వీసా పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి, అయినా వదల్లేదు. ప్రతి పేజీకీ నిజప్రతి అని సంతకం, సీలు. మధ్యలో ఒక చిన్న అనుమానం వచ్చింది. నా పాస్‌పోర్టు నాదేనని నేనే సాక్ష్యం చెప్పొచ్చా? పక్క ఊళ్లో ఇంకో హెడ్మాస్టరు ఉన్నాడు. కానీ పదో తరగతి పరీక్షల సెంటరు తన బడికి లాక్కున్న దగ్గర్నుంచీ ఆయనకీ నాకూ మాటల్లేవు. ఆయన గడప తొక్కడం కంటే నన్ను నేను నమ్ముకోవడమే నయమనిపించింది. అన్నిటినీ ఫోటోలు తీసి ఫోన్లో పంపి, మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను.

మర్నాడు ఫోనొచ్చింది. నవ్వు ఆపుకుంటోందని గొంతులోనే తెలుస్తోంది.

"ఆడిటరుగారు అడిగేరండి, ఈ పాస్‌పోర్టు ఎవరిదీ అని. మా ఆయనదండీ అన్నాను. ఇది నిజమని సంతకం పెట్టిందెవరూ అన్నారు. ఆయనేనండీ అన్నాను. మరి ఈ ఫోటోలో వాళ్లు మొగుడూపెళ్లాలని రాసిందెవరూ అన్నారు. అదీ ఆయనేనండీ అన్నాను." ఇక్కడికొచ్చేసరికి నవ్వేసింది. "మీ ఆయనకి అక్కడ ఇంకెవరూ లేరా అన్నారండి."

ఫోటో ఎవరూ అడగలేదట. జిరాక్సులు పనికిరావట. పాస్‌పోర్టు ఒరిజినల్ అయినా పంపాలి, లేదా దాన్ని ఇచ్చిన ఆఫీసువాళ్లే ఇది నిజప్రతి అని రాసిచ్చినదైనా పంపాలి. నా సంతకం సముద్రం దాటితే చెల్లదు. ఆ మాట వినేసరికి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇండియా ప్రభుత్వం నమ్మిన సంతకాన్ని కాదనడానికి వాళ్లెవరు? ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకండిరా అని పిల్లలకి జీవితమంతా చెప్పినవాణ్ణి, ఇప్పుడు నేనే సముద్రం అవతల పారేసుకోవాలా? ఈ వెధవ పన్ను కోసం నా పరువు తీస్తావా? ఇలా చాలాసేపు అరిచాను. ఆరోజు మా వీధి వీధంతా అమెరికా పన్ను విధానం నేర్చుకుని ఉంటుంది.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "డ్యూటీకి టైమవుతోందండి" అని పెట్టేసింది.

ఆ ఆదివారం ఫోను రాలేదు. తర్వాతి ఆదివారం వచ్చింది గానీ, మాత్రలు వేసుకుంటున్నారా, ఎండలు ఎలా ఉన్నాయి అని అడిగి ఊరుకుంది. పన్ను మాట లేదు. నేనే ఎత్తబోతే, "పోన్లెండి, ఎప్పట్లాగే విడిగా వేసేసుకుంటాను. మీరు శ్రమ పడకండి" అంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు స్కూటరు. నిజంగా భయమేసింది. పదో తరగతి పిల్లలు ఎంతమంది తప్పినా అంత భయం ఎప్పుడూ వేయలేదు.

"ఒరిజినలే పంపిస్తాను. ఆ కాగితాలేవో పంపు" అన్నాను.

"ఆయ్, పంపుతానండి" అంది.

అప్పటికి పరీక్షలు అయిపోయాయి, మూల్యాంకనం డ్యూటీ మొదలుకాబోతోంది. పాస్‌పోర్టు ఆఫీసు చుట్టూ తిరిగే వ్యవధి లేదు. కాగితాలు నెట్ సెంటరులో ప్రింటు తీయించుకుని, ఆవిణ్ణి ఫోన్లో పెట్టుకుని నింపడానికి కూర్చున్నాను. ఆడిటరుగారు కంప్యూటరులో నింపి పంపుతానన్నారట. నా కాగితం నా చేత్తోనే నింపుతానన్నాను. ఆ మాత్రం పౌరుషం మిగిలే ఉంది.

"నీలం పెన్నుతో రాయండి" అంది.

వెతికితే ఇంట్లో తప్పులు దిద్దే ఎర్రదీ, ధ్రువీకరించే ఆకుపచ్చదీ తప్ప మామూలుగా రాసుకునే పెన్ను లేదు. చెప్పులేసుకుని సందు చివర కిరాణా కొట్టుకి వెళ్లి కొనుక్కొచ్చాను. మళ్లీ కూర్చున్నాను. సంతకం పక్కన వృత్తి అని ఒక చిన్న గడి ఉంది. 'ప్రధానోపాధ్యాయుడు, గెజిటెడ్' అని ఇంగ్లీషులో మొదలుపెడితే గెజిటెడ్ గడి దాటి మార్జిన్‌లోకి పోయింది. "హెడ్మాస్టరంటే చాల్దాండీ?" అంది. చాలదన్నాను.

నంబరు కోసం పెట్టే దరఖాస్తు కూడా చకచకా సాగింది. పుట్టిన ఊరు రాశాను, పాస్‌పోర్టు నంబరు రాశాను. ఆ తర్వాత వచ్చిన గడి దగ్గర ఆగాను. మీరు అమెరికాలో అడుగుపెట్టిన తేదీ అని ఉంది.

"ఇక్కడేం రాయాలి?" అన్నాను.

ఆడిటరుగారు చెప్పింది ఆవిడ ఎక్కడో రాసుకున్నట్టుంది, కాగితాల చప్పుడు వినిపించింది. "ఎప్పుడూ రాలేదు అని రాయాలంటండి. అలాగే రాసెయ్యండి" అంది. దెప్పుతున్నట్టు లేదు. రోగికి మందు పేరు చెప్పినట్టు చెప్పింది.

ఆవిడతోపాటే నేనూ వెళ్లే వీలుండేది. సరిగ్గా ఆ నెలలోనే నాకు ప్రమోషన్ వచ్చింది. ఒక్క ఏడాది చేసి వస్తానన్నాను. మరుసటి వేసవికి బడిలో మరమ్మతులన్నాను, ఆ పై వేసవికి ఫలితాలు బాగా రాలేదన్నాను. పోయినేడు మోకాలు నొప్పన్నాను. ఒక్కోసారి ఒక్కో కారణం చెప్పాను కాబట్టి ఏదీ అబద్ధంలా అనిపించలేదు. అన్నీ కలిపితే ఏమవుతుందో ఆ కాగితం అడిగితే గానీ నాకు తెలియలేదు. చెప్పినట్టే రాశాను. చేతిరాతకి జిల్లాలో బహుమతి అందుకున్నవాణ్ణి, ఆ మాట మాత్రం కోడి గీకినట్టు వచ్చింది.

మర్నాడు అమలాపురం బస్సెక్కి కొరియర్ ఆఫీసుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు అమెరికా అని వినగానే కవరు వైపు చూడకుండానే, "ఆవకాయాండీ, రొయ్యల పచ్చడాండీ? రొయ్యలదైతే ప్యాకింగు వేరండి" అన్నాడు.

"పాస్‌పోర్టు."

"ఎవరిదండీ?"

"నాదే."

అతను కవరునీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "మరి మీరు వెళ్లరాండీ?" అన్నాడు. ఊళ్లో అయితే పెద్దంతరం చిన్నంతరం లేదా అని కసురుకునేవాణ్ణి. ఇక్కడ మాత్రం రసీదు తీసుకుని బయటికొచ్చాను.

గడువుకి ఇంకా కొద్ది రోజులుండగానే కవరు ఆవిడకి చేరింది. ఆవిడ కూడా సంతకాలు పెట్టి పన్నుల ఆఫీసుకి పంపేముందు నాకు ఫోను చేసింది. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారట ఆడిటరుగారు. మార్జిన్‌లోకి పోయిన గెజిటెడ్‌ని కూడా క్షమించేశారట. నాకు ప్రాణం లేచి వచ్చింది. చేసిన ఘనకార్యానికి ఆవిడ పొగుడుతుందని కాసేపు చూశాను. పొగడలేదు. ఇంక ఉండబట్టలేక నేనే, "వచ్చే వేసవికి తప్పకుండా వస్తాను, చూడు" అన్నాను.

అవతల ఆవిడ పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఏమీ లేని ఆ తెల్ల పేజీలనే తిప్పుతోంది.

"పోన్లెండి" అంది. "మీ పాస్‌పోర్టన్నా వచ్చింది."